ప్రాకారము – ద్వారము

ఖిలా వరంగల్లు చూచినవారికి మొదట తోచునది కాకతీయుల జాగ్రత్త. వెలుపల మట్టికోట, లోపల రాతికోట, రెంటికిని అగడ్తలు. రాతికోట ద్వారములలో దారి తిన్నగా పోదు, వంకర తిరుగును. శత్రువు ఒక్క పరుగున లోనికి చొరబడరాదని ఆ ఏర్పాటు. ఈ రాతిగోడ గణపతిదేవుని కాలమున ఆరంభమై రుద్రమదేవి కాలమున పూర్తియైనది.

ఆ గణపతిదేవుడే 1244లో మోటుపల్లి రేవున అభయశాసనము వేయించినాడు. అంతకుముందు, తుపానుకు కొట్టుకొనివచ్చి ఒడ్డునపడిన ఓడలలోని సరకును రాజులు లాగికొనెడివారు. గణపతిదేవుడు దానిని వదలుకొనినాడు. నియతమైన సుంకమును మాత్రము వదలలేదు.

మనిషికిని కోట ఉండవలసినదే. మన ఉత్తరములు, మన తీరిక, మన ఏకాంతము ఇతరులు అడుగక ముట్టరాదనుట అహంకారము కాదు. అడిగినవారికెల్ల సరేయనువాడు తుదకు ఎవరికిని అక్కరకు రాడు. అయితే మాటపట్టింపుతో దూరమైన తమ్ముడు బిడ్డకు జబ్బుచేసి అర్ధరాత్రి మన గుమ్మమెక్కినాడనుకొందము. ముందు తప్పొప్పుకొమ్మని నిలదీయుట ఒడ్డునపడిన ఓడను దోచుటయే. అప్పుడు తలుపు తీయవలెను. బిడ్డ కోలుకొన్నపిదప, మనకు న్యాయముగా రావలసిన మాటను నెమ్మదిగా అడుగవచ్చును. సుంకమనగా అదియే.

కనుక గురుతు ఒక్కటి: ఎదుటివాడు బలముతో వచ్చెనా, ఆపదతో వచ్చెనా? మొదటివానికి గోడ, రెండవవానికి ద్వారము.

కోట నడుమ, స్వయంభూ ఆలయమునకు నాలుగు దిక్కుల ఎత్తిన శిలాతోరణములు నేటికిని నిలిచియున్నవి. వానికి తలుపులు లేవు.