గడియారం చూసి వచ్చే తలనొప్పి

భిలాయ్ క్యాంప్ 2లో, షిఫ్టు డ్యూటీల ఇళ్లలో పెరిగే విద్యార్థులకు గడియారం విలువ చెప్పనక్కర్లేదు. అలా వేళ తప్పకుండా వచ్చే తలనొప్పి ఒకటుంది. అదే క్లస్టర్ తలనొప్పి. క్లస్టర్ అంటే గుత్తి. కొన్ని వారాలపాటు రోజూ, తరచు నిద్రపట్టిన గంట రెండు గంటలకే, ఒకే కంటి చుట్టూ పొడిచినట్లు వస్తుంది. తర్వాత నెలల తరబడి జాడే ఉండదు. వచ్చిందంటే 15 నిమిషాల నుంచి 3 గంటలు. ఆ వైపు కన్ను ఎర్రబడి నీరు కారుతుంది, ముక్కు దిబ్బడ వేస్తుంది. సైనస్ అనో, పంటి నొప్పి అనో పొరబడి, పాపం, మంచి పళ్లు పీకించుకున్నవారూ ఉన్నారు! పార్శ్వపు నొప్పి వచ్చినవారు చీకటిగదిలో కదలక పడుకుంటారు; వీరు నిలవలేక పచార్లు చేస్తారు.

మరి నొప్పికి వేళ ఎలా తెలుస్తుంది? నిద్రామెలకువలను నడిపే మన జీవగడియారం మెదడులోని హైపోథాలమస్‌లో ఉంది. నొప్పి వేళ ఆ ప్రాంతమే చురుకవుతుందని 1998లో లండన్ పరిశోధకులు మెదడు చిత్రాల్లో చూశారు.

మామూలు మాత్ర పనిచేసేలోపే నొప్పి తన పని ముగించుకుపోతుంది. అక్కరకొచ్చేది ఆక్సిజన్! భిలాయ్ కర్మాగారంలో ఉక్కు తయారీకి వాడేదీ, 2021లో కోవిడ్ రోగుల కోసం అక్కడినుంచి వెళ్లినదీ ఈ వాయువే. 2009లో ప్రచురితమైన ఒక పరీక్షలో మాస్కుతో నిమిషానికి 12 లీటర్ల చొప్పున 15 నిమిషాలు పీలిస్తే 78 శాతం సార్లు నొప్పి తగ్గింది. మామూలు గాలితో 20 శాతమే. అలాగని వెల్డింగ్ సిలిండర్ జోలికి పోకండి. డాక్టరు రాసిన వైద్య ఆక్సిజనే వాడాలి, దగ్గర్లో నిప్పు ఉండరాదు. సుమాట్రిప్టాన్ ఇంజెక్షన్ కూడా ఉంది. మళ్లీ రాకుండా ఈసీజీ చూస్తూ వెరపామిల్ ఇస్తారు. ఆ వారాల్లో మద్యం ముట్టరాదు.

మీ ఇంట్లో ఎవరికైనా ఇలా వస్తుంటే ఏ వేళకు, ఏ కంటివైపు, ఎంతసేపు అన్నది నోటుబుక్కులో రాసి డాక్టరుకు చూపించండి.