దయ్యాల కొంపలో నవ్వించేవాళ్ళు

దయ్యాల కథ చెప్పడం తెలిసిన అవ్వ ఎవరైనా సరే, కథను దయ్యంతో మొదలుపెట్టదు. ముందుగా ఒక తిండిపోతునో, ఒక కోతలరాయుణ్ణో, పొరుగింటి కోడిపుంజును కాజేసే గడుగ్గాయినో తీసుకువస్తుంది. పిల్లలు పకపక నవ్వుతారు. వాళ్ళు నవ్వి నవ్వి అలిసి కాస్త వెనక్కు వాలేసరికి, ఆ గడుగ్గాయి కాస్తా ఊరవతల మర్రిచెట్టు కిందికి చేరుకుంటాడు. అప్పుడు తగ్గిస్తుంది అవ్వ దీపం వత్తి.

నవ్వూ భయమూ ఒక పీట మీద కూర్చోరాదని మన ఆలంకారికులు అన్నారు. సాహిత్యదర్పణం వ్రాసిన విశ్వనాథుడు (పద్నాలుగో శతాబ్దం వాడు సుమండీ, మన వేయిపడగల విశ్వనాథవారు కారు) హాస్యానికి భయానకమూ, కరుణమూ విరోధులని చెప్పాడు. శాస్త్రకారుణ్ణి కాదనే సాహసం నాకు లేదు. కాని ఆ ముగ్గురు విరోధుల చేతా ఒకే మనిషి ముఖంలో కాపురం చేయించిన కథ ఒకటి అమెరికాలో అయిదేళ్ళపాటు నడిచింది. నడిచింది పుస్తకంలో కాదు, టెలివిజన్‌లో.

ఆ ధారావాహిక పేరు ‘డార్క్ షాడోస్’, అంటే చీకటినీడలు. ఏబీసీ సంస్థ 1966 జూన్ 27న ప్రారంభించి, 1971 ఏప్రిల్ 2న ముగించింది. వారానికి అయిదు రోజులు, రోజుకు అరగంట, వెరసి 1,225 భాగాలు. ‘సశేషం’ అన్న మాట చూసి వారం రోజులు నిట్టూర్చే మనకు, రోజుకొక సశేషం అంటే ఎలా ఉంటుందో వేరే చెప్పనక్కరలేదు. పగటిపూట గృహిణుల కోసం నడిచే ఇలాంటి కథలను అక్కడ ‘సోప్ ఆపెరా’లంటారు; సబ్బుల కంపెనీలు డబ్బిచ్చి నడిపించిన కథలు గనక ఆ పేరు వచ్చింది. అన్నిటిలోనూ కాపురాలు, కలహాలు, కన్నీళ్ళు. దీనిలో మాత్రం దయ్యాలు. అందుచేత గృహిణులతోబాటు, బడి విడిచీ విడవగానే పరుగెత్తి ఇంటికి వచ్చే పిల్లలు కూడా దీనికి ప్రేక్షకులయ్యారు.

దీన్ని సృష్టించినవాడు డాన్ కర్టిస్. గోథిక్ కథకు కావలసిన సంబారాలన్నీ సమకూర్చాడు: మెయిన్ రాష్ట్రంలో కాలిన్స్‌పోర్ట్ అనే కల్పిత రేవుపట్నం, కొండమీద కాలిన్‌వుడ్ అనే మేడ, తాళం వేసిన గదులు, వంశంలో దాచిన పాపాలు, పిల్లవాడికి చదువు చెప్పడానికి వచ్చిన విక్టోరియా అనే అనాథ పిల్ల. మొదట్లో దయ్యం లేదు, చూసేవాళ్ళూ అంతగా లేరు. తరువాత ఒకటి రెండు ఆత్మలు తొంగిచూశాయి. 1967 ఏప్రిల్‌లో శవపేటికలోనుంచి బర్నబాస్ కాలిన్స్ అనే రక్తపిశాచి లేచాడు. కెనడాలో పుట్టి, షేక్స్పియర్ నాటకాలలో ఆరితేరిన జోనథన్ ఫ్రిడ్ ఆ వేషం వేశాడు. అక్కడితో ధారావాహిక జాతకం మారిపోయింది.

ఇంతకూ ఆ శవపేటికను తెరిచింది ఎవరు? మంత్రవేత్త కాదు, శాస్త్రజ్ఞుడు కాదు. విల్లీ లూమిస్ అనే చిల్లర దొంగ. కాలిన్స్ వారి పూర్వీకుల సమాధిలో నగలున్నాయని విన్నాడు. గొలుసులు బిగించిన పేటిక కనబడింది. ఇంత కట్టుదిట్టం చేశారంటే లోపల ఎంత బంగారముందో అనుకున్నాడు పాపం! గొలుసు తెంచాడు. లోపలినుంచి ఒక చెయ్యి వచ్చి గొంతు పట్టుకుంది.

అంతవరకు పొగరుమోతుగా తిరిగినవాడు మరునాటినుంచి బర్నబాస్‌కు బానిస. జాన్ కార్లెన్ అనే నటుడు ఆ పాత్రను ఒక చిత్రమైన పాకంలో పెట్టాడు. కళ్ళు తేలవేయడం, మాట తడబడడం, యజమాని పేరు చెబితే ఉలిక్కిపడడం చూస్తే నవ్వు వస్తుంది. నవ్విన మరుక్షణమే, ఇంత కండబలమున్న మనిషి ఇలా వణుకుతున్నాడంటే ఆ యజమాని ఎలాంటివాడో అన్న ఆలోచన వస్తుంది. బర్నబాస్ ఎంత భయంకరుడో చెప్పడానికి రక్తం చూపించనక్కరలేకపోయింది. విల్లీ చేతిలో వణికే కొవ్వొత్తి చాలింది. పైగా మాగీ అనే పిల్లను బర్నబాస్ ఎత్తుకుపోతే, తరువాత ఆమెను హెచ్చరించబోయిన విల్లీ పోలీసుల తుపాకీ గుళ్ళకు కూలిపోయాడు. అపహరణ నేరమంతా అతని నెత్తినే పడింది. పాపం ప్రభువుది, శిక్ష బంటుది. ఇందులో అమెరికా వింత ఏముంది?

అదే మేడలో మిసెస్ జాన్సన్ అనే పనిమనిషి ఉన్నది. క్లారిస్ బ్లాక్‌బర్న్ ఆ పాత్ర ధరించింది. ఈవిడ వచ్చింది నిజానికి ఒక పగవాడి తరఫున గూఢచారిగా. పోను పోను గూఢచర్యం పోయి గొణుగుడు మిగిలింది. ఎవరు ఎన్ని గంటలకు ఇంటికి వచ్చారో, ఎవరు అన్నం ముట్టకుండా లేచిపోయారో ఆవిడకే తెలుసు. యజమానులు వంశగౌరవం కోసం కళ్ళు మూసుకుంటారు. ఆవిడ మాత్రం ఈ ఇంట్లో ఏదో ఉన్నదని మొత్తుకుంటూనే ఉంటుంది. చాదస్తమని అందరూ కొట్టిపారేస్తారు. తీరా చూస్తే ఆ చాదస్తమే నిజమవుతుంది.

1969లో రచయితలు కథను 1897వ సంవత్సరానికి వెనక్కు తీసుకుపోయారు. కాలిన్స్ వంశంలోని పాత తరం వారినందరినీ కొత్తగా దింపారు. ఈ ధారావాహికకు నాటకసమాజపు అలవాటొకటి ఉన్నది: ఉన్న నటులకే కాలానికొక కొత్త వేషం కట్టబెట్టేవారు. విల్లీగా వణికిన జాన్ కార్లెన్ ఈసారి కార్ల్ కాలిన్స్ అయ్యాడు. కార్ల్‌కు వేళాకోళం తప్ప వేరే వృత్తి లేదు. ఆటబొమ్మ తుపాకీతో అతిథులను హడలగొట్టి తానే పడి పడి నవ్వుతాడు. ఎవరూ నవ్వరు. ఆస్తి కోసం ఒకరినొకరు కాచుకు కూర్చున్న ఆ ఇంట్లో, ఎవరిమీదా పెద్దగా విషం లేనివాడు ఈ పిచ్చివాడొక్కడే. అతడు పాన్సీ ఫే అనే నాటకశాల పాటకత్తెను పెళ్ళాడతానని ఇంటికి తీసుకువచ్చాడు. మితిమీరిన రంగు, మితిమీరిన మాట, దివ్యదృష్టి ఉన్నదని గొప్పలు. ఇంటివారు ముక్కు చిట్లించారు. పాపం, పాన్సీ వచ్చీ రాకముందే రక్తపిశాచి వాతపడి చచ్చిపోయింది. బర్నబాస్ రహస్యం కనిపెట్టినందుకు కార్ల్ అతని చేతిలోనే హతుడయ్యాడు. ఆటబొమ్మ తుపాకీ పేల్చిన ఇంటిలో నిజమైన చావు అలా వచ్చింది.

అంతటితో పాన్సీ కథ ముగిసిందనుకుంటే పొరపాటు. ఆ ఊళ్ళో ట్రాస్క్ అనే మతగురువు ఒకడున్నాడు. నోట దేవుడు, కడుపులో కత్తి. బడి పేరుతో పిల్లలను హింసించే ఆ మనిషికి చారిటీ అని ఒక కూతురు. నల్లబట్టలు, దించిన తల, బిగించిన పెదవులు. పాన్సీ ఆత్మ పోయి పోయి ఈ చారిటీని ఆవహించింది. ఆ పిల్ల రంగురంగుల బట్టలు కట్టి, గొంతెత్తి పాడుతూ, తండ్రి ఎదుట చిందులు వేసింది. నాన్సీ బారెట్ నటించిన ఈ ఘట్టాలు చూసి నవ్వనివాళ్ళుండరు. కాని ఒక్క క్షణం ఆలోచించండి. తండ్రి హంతకుడని అతని ముఖాననే చెప్పే ధైర్యం చారిటీకి స్పృహలో ఉండగా ఏనాడూ రాలేదు, పూనకంలో వచ్చింది. మన పల్లెల్లో కోడలికి అమ్మవారు పూనినప్పుడు అత్తగారు చేతులు కట్టుకుని నిలబడే దృశ్యం ఎరిగినవారికి దీని అంతరార్థం విప్పి చెప్పనవసరం లేదు.

ఇక అన్నిటికంటె గొప్ప పాత్ర మాగ్డా. ఈమె, భర్త సాండోర్, కాలిన్స్ వారి పాతమేడలో ఉంటున్న జిప్సీ దంపతులు. చీట్లు పరిచి జోస్యాలు చెప్పడం, దొరికింది చేజిక్కించుకోవడం, రోజంతా ఒకరినొకరు తిట్టుకోవడం వీరి దినచర్య. మాగ్డాగా గ్రేసన్ హాల్, సాండోర్‌గా థేయర్ డేవిడ్ నటించారు. 1897లో నగల మీది ఆశతో శవపేటిక తెరిచి బర్నబాస్‌ను లేపింది కూడా ఈ సాండోరే. గమనించారా? రెండు కాలాల్లోనూ రాక్షసుణ్ణి ఇంట్లోకి పిలిచినవాడు నవ్వులపాలయ్యే దొంగే. పెద్దలు సమాధి కట్టి మరిచిపోయారు; కడుపుకు లేనివాడు వచ్చి దాన్ని తెరిచాడు.

మాగ్డాకు తోడబుట్టిన జెన్నీ కాలిన్స్ వారి కోడలు. మతి చెడిన ఆమెను బంధించి ఉంచారు. చివరకు భర్త క్వెంటిన్ చేతిలోనే ఆమె మరణించింది. అప్పటివరకు దొంగజోస్యాలతో మనలను నవ్వించిన మాగ్డా ఆ క్షణాన నిజమైన శాపం పెట్టింది: క్వెంటినూ, అతని వంశంలోని మగబిడ్డలూ పున్నమినాడు తోడేళ్ళు అవుతారని. తరువాత తెలిసింది, జెన్నీకి బిడ్డలున్నారని. తోబుట్టువు మీది ప్రేమతో పెట్టిన శాపం ఆ తోబుట్టువు సంతానం మీదనే పడింది. శాపం తిప్పడానికి పెతోఫీ అనే మాంత్రికుడి తెగిన చేతిని దొంగిలించి తెచ్చింది. దాని మూలంగా సాండోర్ ప్రాణాలు పోయాయి. ఆ పెతోఫీ వేషం ఎవరిదనుకున్నారు? మళ్ళీ థేయర్ డేవిడ్‌దే! నిన్న భర్తగా నవ్వించిన ముఖమే నేడు శత్రువుగా భయపెట్టింది.

ఇక్కడ ఒక మాట చెప్పక తప్పదు. మాగ్డా పాత్రను ఎంత మెచ్చుకున్నా, జిప్సీ అనగానే దొంగతనం, మాయమాటలు, శాపాలు అని చూపించడం అన్యాయమే. గ్రేసన్ హాల్ ముఖానికి గోధుమరంగు పూసి మరీ ఆ వేషం కట్టించారు. జిప్సీలని లోకం పిలిచిన రోమా జనం మాట్లాడే భాష మన ఉత్తరదేశపు భాషల కుటుంబంలోదే. వారి పూర్వులు ఇక్కడినుంచి వెళ్ళినవారే. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో నాజీలు వారిని లక్షల సంఖ్యలో చంపారు. అలాంటి వారిని నవ్వుకు సరుకుగా వాడుకున్న కథ, చివరకు నవ్వినవారి చేతనే మాగ్డా కోసం కన్నీరు పెట్టించింది. తప్పు మాసిపోలేదుగాని, పాత్ర మాత్రం బొమ్మగా మిగలక మనిషి అయింది.

ఈ ధారావాహికలో అనుకోకుండా వచ్చిన నవ్వులూ కొల్లలు. రోజుకొక భాగం తీయాలి. టేపును కత్తిరించి అతికించడం ఖర్చుతో కూడిన పని. అందుచేత నటుడు మాట మరిచినా, గోడ ఊగినా, పైనుంచి మైకు వేలాడినా అలాగే ప్రసారం చేసేవారు. అయినా నటులెవరూ ‘ఇదంతా ఉత్తదే’ అన్నట్టు మనవైపు కన్ను గీటలేదు. హాస్యపాత్రకు కూడా ప్రాణం మీదికి వచ్చిందన్నంత నిష్ఠతో నటించారు. 2012లో టిమ్ బర్టన్ ఇదే కథను సినిమాగా తీసినప్పుడు జానీ డెప్ ధరించిన బర్నబాసే హాస్యగాడైపోయాడు. దొరే నవ్విస్తూ కూర్చుంటే ఇక బంటుకు పనేమిటి? ఆ సినిమాలోనూ విల్లీ ఉన్నాడు, కాని అతని చేతిలో కొవ్వొత్తి వణికితే చూసేవాడి గుండె వణకదు.

మనకూ మాంత్రికుల కథలకు కొదవలేదు. 1951లో వచ్చిన ‘పాతాళభైరవి’లో ఎస్వీ రంగారావు నేపాళ మాంత్రికుడు, పద్మనాభం అతని శిష్యుడు సదాజప, బాలకృష్ణ కథానాయకుడి నేస్తం అంజి. వారిని చూసి హాయిగా నవ్వుకుంటాం, ఎందుకంటే అంజికి ప్రాణాపాయం లేదని మనకు మొదటినుంచీ తెలుసు. జానపద కథ ఇచ్చే అభయం అది. చీకటినీడలు ఆ అభయం ఇవ్వలేదు. అక్కడ నవ్వించినవాడే ముందు పోతాడు. లేదా పెద్దల పాపం మోసి బ్రతుకుతాడు.

విశ్వనాథుడి సూత్రం అబద్ధం కాదు. నవ్వు, భయం, దుఃఖం విరోధులే. కాని విరోధులు కలుసుకోవడానికి కూడా ఒక గుమ్మం కావాలి గదా! కాలిన్‌వుడ్ మేడలో ఆ గుమ్మం దగ్గర నిలబడింది నగలకు ఆశపడిన దొంగ, గొణిగే పనిమనిషి, వేళాకోళగాడు, దొంగజోస్యం చెప్పే ఇల్లాలు. మేడలో వాళ్ళకు వంశచరిత్ర ఉన్నది. వీళ్ళకు ఉన్నదల్లా ప్రాణమే. భయమేస్తే అందరికంటె ముందు గజగజలాడేదీ, మనలను నవ్వించేదీ అందుకే.