సోవియట్టు కెమేరాలు – వాని భేదములు

గత వార్షికోత్సవమునకు ఒక విద్యార్థి తన తాతగారి జోర్కి-4 కెమేరాను పాఠశాలకు తెచ్చెను. ముచ్చటపడి మేము వేగపు చక్రమును త్రిప్పితిమి, షట్టరు బిగిసిపోయెను. బాలుడు ఏమియు ననలేదు. మాకు మిక్కిలి సిగ్గు కలిగినది. మన పోచంపల్లి పరిసరములందు మరియొక యింట ఇట్టి పొరపాటు జరుగకుండుటకై తల్లిదండ్రులకు ఈ నాలుగు మాటలు విన్నవించుచున్నాము.

ఈ కెమేరాల గవాక్షమునుండి చూచినపుడు ఒకే వస్తువు రెండు బింబములుగా కానవచ్చును. కటకమును త్రిప్పగా ఆ రెండును ఒకటైనచో దూరము సరిపడినదని యర్థము.

వీనిలో మూడు వంశములు ముఖ్యమైనవి. ఖార్కోవు నగరమున 1934లో ఫెడ్ తయారీ ఆరంభమైనది. మాస్కో సమీపమునగల క్రాస్నోగోర్స్కునుండి 1948లో జోర్కి వెలువడెను. ఈ రెండింటికిని జర్మనీ దేశపు లైకా మూలము. కీవు నగరమున ఆర్సెనల్ కర్మాగారము చేసిన కీవ్ కెమేరాకు కాంటాక్సు మూలము. మొదటి రెండింట గుడ్డతెర అడ్డముగా నడచును. కీవ్‌లో లోహపు తెర నిలువుగా నడచును. ఫెడ్, జోర్కి కటకములు మరచుట్టుతో బిగియును. అవి కీవ్‌కు పట్టవు.

తొలి ఫెడ్, జోర్కిలందు దూరము సరిచూచుటకు ఒక గవాక్షము, చిత్రమును కూర్చుకొనుటకు వేరొకటి. ఫిల్మును అడుగునుండి ఎక్కింపవలెను. 1955 నాటి ఫెడ్-2లో రెండు గవాక్షములు ఒకటై, వెనుక మూత ఊడివచ్చునట్లు మారెను. ఫెడ్-3లో నెమ్మది వేగములు, ఫెడ్-4లో వెలుతురుమాపకము చేరినవి. జోర్కి-4లో ఫిల్మును గుండ్రని పిడితో, జోర్కి-4కెలో మీటతో జరుపుదురు. కీవ్-4కు వెలుతురుమాపకము కలదు, కీవ్-4ఏకు లేదు.

మేము చేసిన తప్పు ఏమనగా, ఫిల్మును జరుపకయే వేగమును మార్చుట. జోర్కి-4 వంటి నెమ్మది వేగములుగల వానిలో ముందు ఫిల్మును జరిపి షట్టరును ఎక్కించి, పిమ్మటనే వేగపు చక్రమును త్రిప్పవలెను. అన్నిటియందును ఇదే క్రమమును పాటించుట క్షేమము.

మరియొక హెచ్చరిక. ఫెడ్, జోర్కిలపై లైకా పేరు చెక్కి హెచ్చు వెలకు అమ్మువారు కలరు. కటకమును తీసి లోపల చూడుడు. దూరమాపకపు చేతి కొనయందు లైకాకు గుండ్రని చిన్న చక్రముండును. సోవియట్టు కెమేరాలకు సాధారణముగా చీలవంటి మొన యుండును.

పెద్దల కెమేరా ఇంట నున్నచో పాత సామానుతో అమ్మివేయక, దానిపై పేరును, అంకెను పిల్లలచేత చదివింపుడు. ఆ విద్యార్థి కెమేరాను బాగుచేయించి యిచ్చు బాధ్యత మాది.