కారు కప్పు మీది ఆకాశవాణి

గత సంవత్సరం మా నాన్నగారు ఆరు నెలలు మాతో గడపడానికి మిషిగన్ వచ్చారు. వారికి ఎనభై రెండేళ్ళు. కంటిచూపు మందగించి పత్రిక చదవడం మానుకొన్నారు. ఉదయం, సాయంకాలం ప్రపంచ వార్తలు వినడమొక్కటే వారికి మిగిలిన అలవాటు. ఇంట్లో ఉన్నంతసేపు దానికి లోటు లేదు. చిక్కు ప్రయాణాలలో వచ్చింది. మా అబ్బాయి చదువుకొంటున్న హౌటన్ పట్టణం, డెట్రాయిట్ శివారులోని మా ఇంటికి సుమారు 550 మైళ్ళ దూరం. మాకినా వంతెన దాటిన తరువాత చాలాచోట్ల సెల్‌ఫోను పనిచేయదు. అక్కడ వార్తలకు దిక్కు కారులోని ఉపగ్రహ రేడియో ఒక్కటే. సరిగ్గా అక్కడే అది మూగబోయేది.

నేను రసాయనశాస్త్రంలో పరిశోధన చేసేవాడిని. ఏది చెడినా ముందొక సిద్ధాంతం చెప్పడం మా వృత్తిలో అలవాటు. "ఇక్కడ పైన్ చెట్లు దట్టం నాన్నగారూ, ఉపగ్రహం నుండి వచ్చే తరంగాలను ఆకులు మింగివేస్తాయి" అని ధీమాగా చెప్పాను. ఇందులో అసత్యమేమీ లేదు. కాని యు.ఎస్. 2 రహదారి మీద, మిషిగన్ సరస్సు ఒడ్డున పోతూండగా రేడియో మళ్ళీ ఆగిపోయింది. ఎడమవైపు కనుచూపు మేర నీరు. నాన్నగారు అటు చూసి, "ఈ నీళ్ళ మీద చెట్లేవిరా?" అన్నారు. నా దగ్గర సమాధానం లేదు.

ఉపగ్రహం ఎక్కడున్నది?

ఆ ప్రశ్న ఎంత సూటి అయినదో తెలియాలంటే ఈ రేడియో పనిచేసే తీరు కొంత తెలియవలెను. అమెరికాలో ఎక్స్ఎం సంస్థ 2001లో, సిరియస్ సంస్థ 2002లో ప్రసారాలు ప్రారంభించాయి. 2008లో ఆ రెండూ ఒకటైనాయి. ప్రసారాల పౌనఃపున్యం 2320, 2345 మెగాహెర్ట్జ్‌ల మధ్య ఉంటుంది. అనగా తరంగదైర్ఘ్యం సుమారు 13 సెంటీమీటర్లు. మా కారులోనిది ఎక్స్ఎం శ్రేణి గ్రాహకం. ఈ శ్రేణి ఉపగ్రహాల స్థానాలు భూమధ్యరేఖకు పైన, సుమారు 35,800 కిలోమీటర్ల ఎత్తున, 85, 115 డిగ్రీల పశ్చిమ రేఖాంశాల వద్ద కలవు. మాకినా ప్రాంతంలో నిలబడి చూస్తే మొదటిది దక్షిణాన దిఙ్మండలానికి సుమారు 37 డిగ్రీల ఎత్తున, రెండవది నైరుతిన దాదాపు 30 డిగ్రీల ఎత్తున ఉంటాయి. యు.ఎస్. 2 మీద పడమరగా పోయేవారికి దక్షిణాన ఉన్నది సరస్సు. అడ్డు వచ్చేది ఏదీ లేదు. ఆ రోజున మబ్బు కూడ లేదు. ఉన్నా ఈ తరంగాలకు మబ్బు, వాన పెద్ద ఆటంకాలు కావు.

మరొక విచిత్రం అప్పుడు గుర్తుకు వచ్చింది. ఎత్తైన మేడలు ఆకాశాన్ని మూసివేసే డెట్రాయిట్ నడిబొడ్డున ఈ రేడియో చక్కగా పలికేది. ఆకాశం విప్పారిన పల్లెపట్టుల్లో పలికేది కాదు. ఇది తలక్రిందుల వ్యవహారమని మొదట అనిపించింది. కాని నగరాలలో మేడల నీడను పూరించడానికి అవే కార్యక్రమాలను నేలమీది పునఃప్రసార కేంద్రాల నుండి కూడ, అధిక శక్తితో, ప్రసారం చేస్తారు. నగరంలో మేము వింటున్నది నేలమీది గొంతు. ఆకాశం గొంతు మా కారుకు అసలు వినబడడమే లేదు. ఈ రెండు విషయాలను పక్కపక్కన పెట్టుకొంటే దోషం ఆకాశంలో లేదనీ, అడవిలో లేదనీ, మా కారులోనే ఉన్నదనీ తేలిపోయింది.

జల్లి ఏరియలు నుండి సొరచేప రెక్క దాకా

కృష్ణా జిల్లాలోని మా ఇంటి డాబా మీద నాన్నగారు రెండు వెదురు గడల నడుమ రాగి జల్లి ఏరియలు కట్టించారు. విజయవాడ కేంద్రం 837 కిలోహెర్ట్జ్ మీద పలుకుతుంది. ఆ తరంగం పొడవు సుమారు 358 మీటర్లు. వానాకాలం వచ్చిందంటే ఏరియలుకూ తీగకూ మధ్యనున్న ముడి చిలుము పట్టి రేడియో గరగరలాడేది. నాన్నగారు నన్ను మెట్లెక్కించి, చాకుతో ఆ చిలుము గీకించేవారు. "ముందు ముడి చూడు, తరువాత స్టేషన్ను తిట్టు" అనేవారు.

ఇప్పటి కారు కప్పు మీద సొరచేప రెక్కలా నిలిచే చిన్న డొప్ప క్రింద కూడ ఒక ఏరియలే ఉన్నది. అయితే అది పింగాణీ వంటి పదార్థంతో చేసిన చిన్న పలక, దాని మీద లోహపు పూత. ఇటువంటి పలక అనునాదం పొందాలంటే దాని పొడవు అర్ధతరంగమంత, అనగా సుమారు ఆరున్నర సెంటీమీటర్లు ఉండవలెను. రోధక స్థిరాంకం 20 వరకు ఉన్న మెగ్నీషియం, కాల్షియం టైటనేట్ల మిశ్రమం వంటి పింగాణీలో తరంగం దాని వర్గమూలమంత, అంటే నాలుగున్నర రెట్లు కుంచించుకుపోతుంది. అందువల్ల ఒకటిన్నర సెంటీమీటరు పలక చాలు. పైగా ఉపగ్రహ తరంగంలోని విద్యుత్ క్షేత్రం మరమేకు చుట్టువలె తిరుగుతూ వస్తుంది. దీనిని వృత్తాకార ధ్రువణం అంటారు. కారు ఏ దిక్కుకు తిరిగినా పలకకు తేడా తెలియదు. డాబా ఎక్కి టీవీ యాంటెనా తిప్పుతూ "వచ్చిందా?" అని కేకలు వేసిన మన తరానికి ఈ సౌకర్యం విలువ చెప్పనక్కరలేదు.

పలక అడుగునే ఒక చిన్న ఆంప్లిఫయరు ఉంటుంది. దానికి కావలసిన విద్యుత్తును గ్రాహకమే అదే తీగ గుండా పంపుతుంది. సన్నని తీగలో కొన్ని మీటర్లు పయనించేసరికి ఈ సంకేతంలో అత్యధిక భాగం వేడిగా మారిపోతుంది గనుక, తీగలో ప్రవేశించక ముందే దానిని పెంచవలెను. అక్కడ పోగొట్టుకొన్నదాన్ని తరువాత ఎంత పెంచినా తిరిగి రాదు. సంకేతంతోబాటు రొద కూడ పెరుగుతుంది. కనుక రేడియో మంచిచెడ్డలు నిర్ణయమయ్యేది ముందుభాగంలోని పెట్టెలో కాదు, కప్పు మీది ఆ రెండు అంగుళాలలో.

పరీక్ష, మరమ్మతు

కారు బాగుచేసే చోట రేడియో మొత్తం మార్చవలెనని వెయ్యి డాలర్లకు పైబడిన అంచనా ఇచ్చారు. నేను ముందుగా అయస్కాంతపు అడుగు గల చవక యాంటెనా ఒకటి కొని కప్పు నడుమ అంటించి, దాని తీగను గ్రాహకం వెనుక తగిలించాను. తెర మీద ఉపగ్రహ సంకేతపు గీతలు ఒక్కసారిగా నిండుగా లేచాయి. గ్రాహకం నిక్షేపంగా ఉన్నది. కారులోపలి తీగకు కూడ మీటరు పెట్టి, అది ఎక్కడా తెగలేదని చూసుకొన్నాను. ఇక మిగిలినది రెక్క.

దానిని మార్చడానికి ఒక శనివారం మధ్యాహ్నం పట్టింది. మొదట బ్యాటరీ తీగ విప్పాను. కప్పు లోపలి అస్తరును వెనుకవైపు మాత్రమే, మడత పడకుండా, నాలుగు వేళ్ళు దూరేటంత దించాను. ప్రక్క అంచులలో గాలిసంచులు ఉంటాయి గనుక అటు పోలేదు. తీగ ముడి ఊడదీసి, మర విప్పితే రెక్క చేతికి వచ్చింది. కప్పు మీది చోటును తుడిచి, కొత్త రబ్బరు వలయంతో కొత్త రెక్కను కూర్చి, మర మితంగా బిగించాను. కప్పు లోహం యాంటెనాకు అద్దంలా పనిచేస్తుంది కాబట్టి రెక్క పాతచోటనే ఉండవలెను. అద్దపు కప్పు మీద అయస్కాంతపు యాంటెనా అంటదు, అంటించినా సరిగా పనిచేయదు.

పాత రెక్కను విప్పి నాన్నగారి చేతికి ఇచ్చాను. ఆయన వేలితో తడిమి, వెలుతురులోకి పట్టి, "చిలుమేరా!" అన్నారు. పలక అడుగున, తీగ ముడి చుట్టూ ఆకుపచ్చని పొడి. అక్కడి నుండి కథ నా శాస్త్రానిది. రబ్బరు వలయం ఏళ్ళ తరబడి నొక్కుకొని ఉండి, ఎండ వేడికి దాని అణుమాలికల మధ్య ఆ నొక్కుకొన్న రూపంలోనే కొత్త బంధాలు ఏర్పడ్డాయి. ఇక అది తిరిగి ఉబ్బి సందు మూయలేదు. మిషిగన్ చలికాలంలో రోడ్ల మీద చల్లే ఉప్పు, ముందు పోయే లారీల చక్రాల నుండి తుంపరగా లేచి అన్నిటి మీద పడుతుంది. డెట్రాయిట్ క్రిందనే వెయ్యి అడుగులకు పైగా లోతున ఉప్పుగని ఉన్నది; ఇక్కడ ఉప్పుకు కరవు లేదు. ఉప్పునీరు చేరి, రాగిని ఆకుపచ్చని క్లోరైడు లవణంగా మార్చింది. పైగా నీటి రోధక స్థిరాంకం 80 దాకా ఉంటుంది. 20కి లెక్కకట్టి చేసిన పలక ప్రక్కన నీటిపొర నిలిస్తే శ్రుతి తప్పక ఏమవుతుంది? ఇత్తడి బిందెకు చింతపండు పెట్టి తోమినట్లు దీన్ని తోమవచ్చునా అని మా ఆవిడ అడిగింది. చిలుము పోతుంది కాని, తినివేయబడిన రాగి తిరిగి రాదు.

మీ కారులో ఇటువంటి తంటా వస్తే వరుసగా చూడవలసినవి ఇవి: బహిరంగ ప్రదేశంలో నిలిపి, తెర మీద ఉపగ్రహ సంకేతాన్నీ, నేలమీది సంకేతాన్నీ వేర్వేరుగా గమనించండి. నేలది ఉండి ఉపగ్రహానిది లేకపోతే యాంటెనాను అనుమానించండి. చవక యాంటెనాతో సరిచూడండి. అప్పటిదాకా రేడియో మార్చడానికి ఒప్పుకోవద్దు.

సెప్టెంబరులో, నాన్నగారి తిరుగు ప్రయాణానికి పది రోజుల ముందు, ఆఖరిసారి మనవడిని చూడడానికి హౌటన్ వెళ్ళాము. వంతెన దాటాము, సరస్సు వచ్చింది, వార్తలు ఆగలేదు. చాలాసేపటి వరకు ఆయన ఏమీ మాట్లాడలేదు, వింటున్నారు. తరువాత నావైపు తిరిగి, "ముడి గట్టిగానే వేశావురా" అన్నారు.