డిస్కు పోలేదు.. వరుస మారిందంతే!

కొత్త డ్రైవ్ బిగించాక కంప్యూటర్ మొరాయిస్తే ఫార్మాట్‌కు తొందరపడొద్దు

పాత కంప్యూటర్ నత్తనడక నడుస్తోందని కొత్తగా ఓ ఎస్ఎస్‌డీ కొని బిగించారు. స్విచ్ వేశారు. ఫ్యాన్ తిరిగింది, లైటు వెలిగింది. విండోస్ మాత్రం రాలేదు. నల్లటి తెర మీద 'రీబూట్ అండ్ సెలెక్ట్ ప్రాపర్ బూట్ డివైస్' అని తెల్లటి అక్షరాలు ప్రత్యక్షమయ్యాయి. 'ఆపరేటింగ్ సిస్టమ్ నాట్ ఫౌండ్' అనో, 'బూట్ఎంజీఆర్ ఈజ్ మిస్సింగ్' అనో కూడా రావచ్చు. షాపుకు తీసుకెళ్తే తరచూ వినిపించే మాట ఒకటే.. 'ఫార్మాట్ కొట్టాలి సార్!'

ఆ మాటకు సరేననే ముందు కాస్త ఆగండి. నిన్నటిదాకా నడిచిన కంప్యూటర్ కొత్త డ్రైవ్ పెట్టగానే ఆగిపోయిందంటే, పాత డిస్కు అదే సమయానికి చెడిపోయి ఉండే అవకాశం తక్కువ. ఏ డిస్కును ముందు చూడాలనే వరుస తారుమారై ఉంటుంది. దాన్ని సరిచేయడం కొద్ది నిమిషాల పని. అంతమాత్రానికే ఫార్మాట్ చేయడమంటే ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకోవడమే.

పోతే మళ్లీ దొరకవు

హోసూరు, బళ్లారి, బరంపురం, రాయగడ లాంటి ఊళ్లలో తెలుగు శుభలేఖలు, కరపత్రాలు కంపోజ్ చేసే డీటీపీ సెంటర్లకు ఈ సంగతి మరీ ముఖ్యం. పాత తెలుగు ఫైళ్లు పేజ్‌మేకర్‌లో, అను ఫాంట్లతో చేసినవి చాలానే ఉంటాయి. అవి యూనికోడ్ పద్ధతివి కావు. ఆ ఫాంట్లు లేని మిషన్‌లో తెరిస్తే తెలుగు అక్షరాల బదులు పిచ్చి గుర్తులు కనిపిస్తాయి. పేజ్‌మేకర్ చివరి వెర్షన్ 7.0 వచ్చింది 2001లో. ఆ తర్వాత కొత్తది రాలేదు. అందుకే పాత మిషన్‌ను కదిలించకుండా కాపాడుకొనేవాళ్లున్నారు. ఆ డిస్కు తుడిచేస్తే ఫైళ్లతోపాటు ఫాంట్లు, వాటిని తెరిచే సాఫ్ట్‌వేరూ పోతాయి. ఇళ్లలోనైతే పెళ్లి ఫొటోలు, స్కాన్ చేసి పెట్టుకున్న పొలం కాగితాలు, పిల్లల సర్టిఫికెట్లు ఉంటాయి.

ఇంతకీ ఏం జరుగుతుంది?

స్విచ్ వేయగానే ముందు మేల్కొనేది విండోస్ కాదు. మదర్‌బోర్డు మీదుండే బయోస్. అది ర్యామ్, కీబోర్డు వగైరాలను సరిచూసుకుని, తన దగ్గరున్న జాబితా ప్రకారం డ్రైవ్ తలుపు తడుతుంది. పాతతరం బయోస్ అయితే డిస్కులోని మొట్టమొదటి 512 బైట్లు చదువుతుంది. విండోస్‌ను లేపే పని మొదలయ్యేది అక్కడినుంచే. కొత్త డిస్కు ఖాళీగా ఉండి, జాబితాలో అదే ముందుకొచ్చి కూర్చుంటే బయోస్‌కు ఏమీ దొరకదు. పాత డిస్కు పక్కనే భద్రంగా ఉన్నా, దానిదాకా వెళ్లకుండానే చేతులెత్తేసే మిషన్లు చాలా ఉన్నాయి.

విండోస్ ఎక్స్‌పీ నడిచే మిషన్లలో ఇంకో చిక్కుంది. అందులో బూట్.ఐఎన్ఐ అనే ఫైలు డిస్కును పేరుతో కాక నంబరుతో గుర్తుపెట్టుకుంటుంది. 'వీధిలో రెండో ఇల్లు' అని చిరునామా రాసుకున్నట్టన్నమాట. వీధి మొదట్లో కొత్త ఇల్లు లేచిందనుకోండి.. రెండోది కాస్తా మూడోదవుతుంది, ఉత్తరం వేరేవాళ్లింటికి పోతుంది. అలాంటప్పుడు 'హాల్.డీఎల్ఎల్' ఫైలు లేదనో, చెడిపోయిందనో తెర మీద రావచ్చు. నిజానికి ఫైలు ఉన్నచోటే ఉంటుంది. విండోసే వేరే డిస్కులో వెతుకుతూ ఉంటుంది!

లైనక్స్‌లోనూ ఎస్‌డీఏ, ఎస్‌డీబీ అనే పేర్లు ఇలాగే అటూఇటూ అవుతాయి. అందుకే ఇప్పటి లైనక్స్‌లు యూయూఐడీ అనే విడి గుర్తింపు సంఖ్యను నమ్ముకుంటున్నాయి. డిస్కు ఏ పోర్టులో ఉన్నా ఆ సంఖ్య మారదు.

వరుసగా ఇవి చూడండి

* పెన్‌డ్రైవ్, మెమరీ కార్డు, బయట తగిలించిన హార్డ్ డిస్కు.. అన్నీ తీసేసి మళ్లీ ఆన్ చేయండి. జాబితాలో యూఎస్‌బీ ముందుంటే పెన్‌డ్రైవ్ ఒక్కటే కంప్యూటర్‌ను ఆపేయగలదు.

* అయినా రాకపోతే కరెంటు ప్లగ్ పీకేసి, కొత్త డ్రైవ్ కేబుల్ విప్పండి. పాత డిస్కును మునుపటి పోర్టులోనే తగిలించి చూడండి. విండోస్ వచ్చిందంటే డిస్కుకు ఢోకా లేదు.

* తర్వాత రెండు డ్రైవ్‌లూ పెట్టి, ఆన్ చేస్తూనే బూట్ మెనూ తెరవండి. డెల్ మిషన్లలో ఎఫ్12, హెచ్‌పీలో ఎఫ్9 సాధారణంగా పనిచేస్తాయి. అక్కడ పాత డిస్కు పేరు ఎంచుకుంటే విండోస్ వస్తోందా? అయితే సమస్య వరుసదే.

* ఇక శాశ్వతంగా సరిచేయడానికి బయోస్‌లోకి వెళ్లాలి. అసెంబుల్డ్ మిషన్లలో ఎక్కువగా డిలీట్ కీ, డెల్‌లో ఎఫ్2, హెచ్‌పీలో ఎఫ్10. పాత బయోస్‌లలో రెండు జాబితాలుంటాయి. సీడీ ముందా, హార్డ్ డిస్కు ముందా అనేది ఒకటి. ఉన్న హార్డ్ డిస్కుల్లో ఏది ముందనేది రెండోది. చాలామంది మొదటిది చూసి వదిలేస్తారు. కిటుకంతా రెండోదాంట్లోనే ఉంటుంది. పాత డిస్కును పైకి తెచ్చి, సేవ్ చేసి బయటికి రండి.

* వెడల్పాటి పట్టీ కేబుల్ ఉన్న బాగా పాత మిషనా? ఒకే కేబుల్‌కు రెండు డిస్కులుంటే జంపర్ పెట్టేచోట ఒకటి మాస్టర్, ఇంకోటి స్లేవ్‌గా ఉండాలి. రెండూ మాస్టరే అంటే కుదరదు.

బయోస్‌లో డిస్కు పేరే కనబడకపోతే ముందు కేబుల్ మార్చి చూడండి. అప్పటికీ కనబడక, లోపలినుంచి టక్ టక్‌మని చప్పుడొస్తుంటే అది వరుస గొడవ కాదు. వెంటనే ఆఫ్ చేసి, డేటా రికవరీ తెలిసినవాళ్లకే చూపించండి.

ఏ మార్పూ చేయకుండానే ఆగితే..

డ్రైవ్ జోలికే పోలేదు, అయినా బూట్ కావడం లేదంటారా? తేదీ, టైమ్ చూడండి. ఏళ్లకేళ్లు వెనక్కి పోయి ఉంటే మదర్‌బోర్డు మీది బిళ్ల బ్యాటరీ అయిపోయినట్టే. సాధారణంగా అది సీఆర్2032 రకం, 3 వోల్టులది. అది నీరసిస్తే కొన్ని మిషన్లలో బయోస్ మీరు పెట్టిన వరుసను మరచిపోయి మొదటికొస్తుంది. శాటా మోడ్ ఏహెచ్‌సీఐ నుంచి ఐడీఈకి మారినా 'ఇన్‌యాక్సెసిబుల్ బూట్ డివైస్' అంటూ నీలి తెర రావచ్చు. బ్యాటరీ మార్చి, మోడ్‌ను మునుపటిలా పెడితే సరిపోతుంది.

కొత్త మిషన్లలో బయోస్ స్థానంలో యూఈఎఫ్ఐ ఉంటుంది. ఇది డిస్కు భాగాన్ని దాని గుర్తింపు సంఖ్యతో గుర్తుపెట్టుకుంటుంది కాబట్టి పోర్టు మారినా సాధారణంగా తడబడదు. కానీ ఇక్కడా ఓ మెలిక ఉంది. పాత డిస్కు ఉండగానే కొత్తదాంట్లో విండోస్ వేస్తే, బూట్ ఫైళ్లు పాతదాంట్లోనే చేరిపోవచ్చు. విండోస్ కొత్తింట్లో, తాళంచెవి పాతింట్లో! పాత డిస్కు తీసేసిన రోజున కొత్తదీ లేవదు. కంగారుపడకుండా పాతది తిరిగి పెట్టండి. తర్వాత తెలిసినవాళ్లచేత 'బీసీడీబూట్' ఆదేశంతో బూట్ ఫైళ్లను కొత్త డిస్కులోకి మార్పించుకోవచ్చు.

నంబరు చూసి నొక్కొద్దు

విండోస్ కొత్తగా వేసేటప్పుడు తెర మీద 'డ్రైవ్ 0', 'డ్రైవ్ 1' అని కనిపిస్తాయి. వరుస మారితే ఈ నంబర్లూ మారొచ్చు. సున్నా అంటే పాతదేనన్న లెక్కలో డిలీట్ నొక్కితే కొంప మునుగుతుంది. నంబరు కాదు, సైజు చూసి పోల్చుకోండి. రెండూ ఒకే సైజయితే పాతదాని కేబుల్ పీకేసి పని కానివ్వండి. అసలు ఎప్పుడైనా అదే క్షేమం. బూట్ ఫైళ్లు పాతదాంట్లోకి పోయే బాధా తప్పుతుంది.

బిట్‌లాకర్ ఉన్న ల్యాప్‌టాప్‌లలో బూట్ వరుస మార్చగానే 48 అంకెల రికవరీ కీ అడగవచ్చు. ఆ కీ ముందే రాసిపెట్టుకోకుండా బయోస్‌లో వేలు పెట్టొద్దు.

పెట్టె విప్పేముందు ఏ కేబుల్ ఏ పోర్టులో ఉందో, బయోస్ జాబితాలో ఏది ముందుందో ఫోన్‌తో ఫొటో తీసుకోండి. ముఖ్యమైన ఫైళ్లు, ఫాంట్లు వేరే డిస్కులోకి ఓ కాపీ వేసుకోండి. షాపుకు ఇవ్వాల్సివస్తే కన్నడంలోనో, తమిళంలోనో, ఒడియాలోనో.. వాళ్ల భాషలోనే ఓ చీటీ రాసి పెట్టె మీద అంటించండి: 'ఫార్మాట్ చేయొద్దు. ముందు బూట్ ఆర్డర్ చూడండి.'