అందఱు వ్రాయు గ్రంథమునకు కావలి యెవరు?

విజ్ఞాన సర్వస్వమనగా లోకమందలి నానావిషయములను గూర్చిన జ్ఞానమును ఒక్కచోట క్రమముగా కూర్చిన గ్రంథము. పూర్వము అట్టి గ్రంథమును రచించుట కొందఱు పండితులకే చెల్లిన పని. మన భాషయందు కొమర్రాజు వేంకట లక్ష్మణరావు పంతులుగారు ఆంధ్ర విజ్ఞాన సర్వస్వమునకు సంపాదకులై, 1923వ సంవత్సరమున కీర్తిశేషులగు వఱకు ఆ కార్యమునకై శ్రమించిరి. అట్టి గ్రంథములయందు ప్రతి వ్యాసమును సంపాదకుడు ముందుగా చదివి, దోషములను దిద్ది, పిమ్మట అచ్చున కిచ్చును. పాఠకుని కన్ను పడక మునుపే తప్పును ఆపుటకు అచట నొక ద్వారమును, ద్వారపాలకుడును గలరు.

2001వ సంవత్సరము జనవరి 15వ తేదీన జిమ్మీ వేల్స్, లారీ సాంగర్ అను నిరువురు అమెరికనులు అంతర్జాలమున ప్రారంభించిన వికీపీడియా యీ పద్ధతిని తలక్రిందులు చేసెను. ఇందు ముందు వ్రాత, పిమ్మట పరీక్ష. చదువ వచ్చినవాడు ఆ పుటయందే దిద్దవచ్చును. దిద్దినది తఱచుగా ఆ క్షణముననే లోకమునకెల్ల కనబడును. ఇట్లు పెరిగి పెరిగి ఆంగ్ల వికీపీడియాలోని వ్యాసముల సంఖ్య 2020వ సంవత్సరము జనవరిలో 60 లక్షలు దాటెను. తెలుగు వికీపీడియా 2003వ సంవత్సరము డిసెంబరులో మొదలయ్యెను. నేడు మన విద్యార్థులు ఏదేని పేరు వెదకిన యెడల తఱచుగా మొదట కనబడు పుట దీనిదే.

అట్లైనచో, ద్వారము లేని యీ యింటిలోనికి దొంగ ప్రవేశింపకుండునా? అందఱు వ్రాయదగిన గ్రంథమును అల్లరివాడు చెఱుపకుండ కాపాడువారెవరు? తలిదండ్రులు పలువురు ఈ ప్రశ్న నడుగుట సహజము. దీనికి ప్రత్యుత్తరమును మేమిచట యథాశక్తి వివరింప దలచితిమి.

మొదట చెఱుపు ఎన్ని విధములో తెలిసికొనవలెను. కొందఱు పుట నంతయు తుడిచివేయుదురు. కొందఱు మహాపురుషుల చరిత్రల నడుమ బూతుమాటలో, తమ స్నేహితుల ముద్దుపేళ్లో వ్రాయుదురు. కొందఱు తమ దుకాణమునకు ప్రకటనలు చేర్చుదురు. మఱికొందఱు సంవత్సరములోని యొక యంకెను మార్చి మాటలాడక పోవుదురు. వీటిని తెలుగు వికీపీడియాలో దుశ్చర్యలందురు. అయితే తెలియక చేసిన తప్పు దుశ్చర్య కాదు. చెఱుపవలెనను బుద్ధి యున్నచోటనే ఆ పేరు చెల్లును. ఈ భేదమును మఱచినవాడు కావలి కాయుటకు తగడు.

ఇక కాపాడు సాధనములు. వీనిలో మొదటిదియు, అన్నిటికంటె గొప్పదియు తాళము కాదు, జ్ఞాపకము. వికీపీడియాలో ఏ దిద్దుబాటు చేసినను పాత ప్రతి నశింపదు. ప్రతి పుటకును పైభాగమున "చరిత్ర" అను నొక మాట యుండును. దానిని నొక్కిన యెడల ఆ వ్యాసము పుట్టిన దినము మొదలు నేటి వఱకు జరిగిన మార్పులన్నియు తేదీతోను, గడియతోను వరుసగా కనబడును. ఏ రెండు ప్రతులనైనను ప్రక్కప్రక్కన నుంచి పోల్చి చూడవచ్చును. చెడిన ప్రతిని రద్దుచేసి వెనుకటి మంచి ప్రతిని నిలుపుటకు క్షణము చాలును. తెల్లని గోడమీద బొగ్గుతో వ్రాయుటకు నిమిషము పట్టును, దానిని కడిగి సున్నము వేయుటకు పూట పట్టును. కాన గోడ విషయమున చెఱుపువానిదే పైచేయి. ఇచట ఆ లెక్క తిరుగబడినది. చెఱుపువాని శ్రమ కంటె బాగుచేయువాని శ్రమ తక్కువ. తెఱచిన యిల్లు నేటికిని నిలిచియుండుటకు ముఖ్య కారణ మిదియే.

రెండవ సాధనము జనుల కన్నులు. "ఇటీవలి మార్పులు" అను పుటయందు జరుగుచున్న ప్రతి దిద్దుబాటును ఎప్పటికప్పుడు చూడవచ్చును. ఇదిగాక ఖాతా గలవారు తమకు ప్రియమైన వ్యాసములను "వీక్షణ జాబితా"లో చేర్చుకొందురు. అందు మార్పు జరిగినంతనే వారికి తెలియును. ఒకడు తన గ్రామమును గూర్చిన పుటను, మఱియొకడు పక్షులను గూర్చిన పుటలను, ఇట్లు ఎవరి పొలమునకు వారు కావలి కాయుదురు. వీరికి జీతము లేదు. 2004వ సంవత్సరమున ఐ.బి.ఎం. సంస్థకు చెందిన పరిశోధకులు ప్రకటించిన యొక పరిశీలనలో, పుట నంతయు తుడిచివేసిన సందర్భములలో సగము మూడు నిమిషములలోపుననే చక్కదిద్దబడినట్లు తేలెను.

మూడవది యంత్రసహాయము. 2009వ సంవత్సరము మార్చి నుండి ఆంగ్ల వికీపీడియాలో నొక జల్లెడ పనిచేయుచున్నది. ఎవడైనను పుట నంతయు తుడుపజూచినను, బూతుమాట చేర్పజూచినను, అది యా దిద్దుబాటును నిలుపుటయో, హెచ్చరించుటయో చేయును. ఇదిగాక క్లూబాట్ ఎన్‌జి అను కార్యక్రమ మొకటి గలదు. మనుష్యులు మంచివనియు చెడ్డవనియు వేఱుపఱచిన వేలకొలది దిద్దుబాట్లను దీనికి చూపి అభ్యాసము చేయించిరి. క్రొత్త దిద్దుబాటును చూచినంతనే ఇది దుశ్చర్య యగుట కెంత సంభవమో గణించి, ఆ గణన యొక హద్దును మించినప్పుడే దానిని రద్దు చేయును. మంచివాని పనిని పొరపాటున చెఱుపకుండుటకై ఆ హద్దును బుద్ధిపూర్వకముగా ఎత్తున నుంచిరి. సందేహమున్న వానిని మనుష్యుల విచారణకే విడిచిపెట్టును.

నాలుగవది తాళము. ఏదేని వ్యాసము మాటిమాటికి చెఱుపబడుచున్నచో నిర్వాహకులు దానికి సంరక్షణ కల్పింతురు. పాక్షిక సంరక్షణయం దున్న పుటను క్రొత్తవారు దిద్దజాలరు. ఆంగ్ల వికీపీడియాలో సాధారణముగా ఖాతా తెరచి 4 దినములు గడచి, 10 దిద్దుబాట్లు చేసినవారికే యది సాధ్యము. మిక్కిలి కలహమునకు లోనైన కొన్ని వ్యాసములకు 30 దినములు, 500 దిద్దుబాట్లు అను గట్టి నియమము గలదు. పూర్ణ సంరక్షణయందున్న పుటను నిర్వాహకులు మాత్రమే మార్పగలరు. జర్మను వికీపీడియావారు 2008వ సంవత్సరము నుండి వేఱొక మార్గము త్రొక్కిరి: క్రొత్తవాని దిద్దుబాటును అనుభవశాలి యొకడు చూచి సమ్మతించిన పిమ్మటనే సామాన్య పాఠకునకు కనబడనిత్తురు.

తాళ మింత సులభమైనప్పుడు అన్ని పుటలకును వేయరాదా యని కొందఱడుగవచ్చును. చెఱుపువాడు వచ్చు ద్వారముననే మంచివాడును వచ్చుచున్నాడని వారు గమనింపవలెను. నేడు వేలకొలది దిద్దుబాట్లు చేసిన పెద్దలందఱును ఒకనాడు ఒక్క యక్షరదోషమును సవరించి లోపలికి వచ్చినవారే. ద్వారము మూసినచో నేటి దొంగతో పాటు రేపటి కావలివాడును వెలుపలనే నిలిచిపోవును. కావున తాళమును అవసరమున్న పుటకే, అవసరమున్నంత కాలమే వేయుట వారి నియమము.

మఱియొక సంగతి గలదు. కేకలు వేయు దొంగను పట్టుట తేలిక. సద్దు చేయని దొంగను పట్టుట కష్టము. బూతుమాట నిమిషములలో పట్టుబడును. మర్యాదగల వాక్యముల నడుమ నిలిచిన అబద్ధము ఏండ్లకొలది జీవింపగలదు. దీనికి రెండు నిదర్శనముల నిచ్చెదము.

జాన్ సీజెంథాలర్ గారు అమెరికా దేశమున పేరొందిన పత్రికాసంపాదకులు. రాబర్టు కెన్నెడీకి ఆప్తమిత్రులై, 1968లో ఆయన హత్యకు గుఱియైనప్పుడు శవపేటికను మోసినవారిలో నొకరు. 2005వ సంవత్సరము మే నెలలో ఎవడో వికీపీడియాలో ఈయన చరిత్రయని అయిదు వాక్యములు వ్రాసి, కెన్నెడీ సోదరుల హత్యలలో నీయనకు సంబంధమున్నట్లు ఒకప్పుడు తలచిరని చేర్చెను. అందు బూతు లేదు. భాష చక్కగా నున్నది. నాలుగు నెలలవఱకు దాని నెవరును శంకింపలేదు. ఇతర స్థలములయందును దాని ప్రతులు వ్యాపించెను. 78 ఏండ్ల యా వృద్ధుడు నవంబరు నెలలో వార్తాపత్రికయందు తన బాధను వెల్లడించిన పిమ్మట లోకము మేలుకొనెను. వ్రాసినవాడు తోడి పనివానిని ఆటపట్టించుటకు చేసిన వేళాకోళ మది యని తుదకు తేలెను. అతడు క్షమాపణ చెప్పి ఉద్యోగము వదలుకొనగా, సీజెంథాలర్ గారు అతనిని మఱల పనిలోనికి తీసికొనుడని యజమానిని కోరిరి. ఆ సంవత్సరము డిసెంబరులోనే ఆంగ్ల వికీపీడియాలో ఖాతా లేనివారు క్రొత్త వ్యాసములను సృష్టింపరాదను నియమమును, పాక్షిక సంరక్షణయు అమలులోనికి వచ్చెను.

రెండవది. అదే 2005వ సంవత్సరము మే నెలలో ఎవడో ఆస్ట్రేలియా దేశపు ఆదిమవాసులకు "జార్ఎడో వెన్స్" అను దేవుడు కలడని చిన్న వ్యాసము వ్రాసెను. అట్టి దేవుని నా జను లెఱుగరు. అయినను ఆ వ్యాసము 2015వ సంవత్సరము మార్చి వఱకు, అనగా దాదాపు పదియేండ్లు నిలిచెను. ఈ నడుమ నొక గ్రంథకర్త ఆ పేరును నిజమని నమ్మి తన పుస్తకమున నెక్కించెను. తుడిచివేసిన పుట మూడు నిమిషములలో బాగుపడినది. లేని దేవుడు పదియేండ్లు పూజ లందుకొనెను!

ఈ రెండు అబద్ధములను ఏ జల్లెడయు, ఏ యంత్రమును ఆపజాలకపోయెను. ఆపగల మాట యొక్కటే: "దీనికి మూలమేది?" ప్రతి విషయమునకును నమ్మదగిన గ్రంథమునో, పత్రికనో మూలముగా చూపవలెనని వికీపీడియా నియమము. మూలమును అడుగు పాఠకుడే నిజమైన కావలివాడు. పెద్ద భాషల వికీపీడియాలలో కన్నులు పెక్కు. తెలుగున కావలివారు కొలదిమంది. కాన మన గ్రామముల, మన కవుల, మన దేవాలయముల పుటలలో జొరబడిన చిన్న యబద్ధము చిరకాలము దాగియుండుటకు వీలెక్కువ. ఒక్క విద్యార్థి మేలుకొన్నను ఇచట ఫలము మెండు.

అయితే కావలివానికి కోపము తగదు. గోధుమల నడుమ శత్రువు గురుగులు విత్తిన యుపమానమును మన బాలురెల్ల నెఱుగుదురు. మనుష్యులు నిద్రించు వేళ శత్రువు వచ్చెను. తొందరపడి గురుగులను పెఱికినచో గోధుమలును ఊడివచ్చునని యజమానుడు భయపడెను. ఎదుటివాడు మంచి యుద్దేశముతోనే వ్రాసెనని మొదట తలపవలెనని వికీపీడియావారు చెప్పుటయు నిందుకే. ఒకరు వ్రాసినదానిని మఱియొకరు, ఆయన దానిని వీరు పదేపదే రద్దుచేసికొనుట కూడ పుటను చెఱుపుటయే. అందుచే ఒకే పుటయందు 24 గంటలలో మూడు మాఱులకు మించి ఇతరుల పనిని రద్దుచేయరాదని ఆంగ్ల వికీపీడియా శాసించుచున్నది. వివాదమున్నచో చర్చా పుటలో మాటలాడవలెను. తెలుగు వికీపీడియాలో అందఱు కూడి మాటలాడు చోటునకు "రచ్చబండ" యనియే పేరిడిరి.

ప్రియ విద్యార్థులారా! మీకు నాలుగు మాటలు. అభ్యాసము చేయ దలచినచో "ప్రయోగశాల" యను పుట గలదు. అచట నేమి వ్రాసినను ఎవరికిని హాని లేదు. వ్యాసములో వింతగా తోచిన వాక్యము కనబడినచో మొదట దాని మూలమును, పిదప పుట చరిత్రను చూడుడు. దుశ్చర్య యని నిశ్చయమైనచో రద్దుచేసి, కారణమును క్లుప్తముగా వ్రాయుడు. సందేహమున్నచో మార్పక, చర్చా పుటలో నడుగుడు. మఱియు నొకటి: పాఠశాలలో కంప్యూటరు లన్నియు తఱచుగా ఒకే అంతర్జాల చిరునామాను వాడును. అచ్చటినుండి అల్లరి వ్రాతలు మాటిమాటికి వచ్చినచో నిర్వాహకులు ఆ చిరునామా నుండి దిద్దుటనే నిషేధింతురు. చదువుటకు అడ్డులేదు గాని, ఒక బాలుని నవ్వులాటకై తక్కిన వందలమంది వ్రాయు నవకాశమును కోల్పోవుదురు.

తలిదండ్రులును, ఉపాధ్యాయులును పిల్లలను ఈ గ్రంథమునుండి దూరముగా నుంచుట కంటె, దీనిని పరీక్షించి చదువ నేర్పుట మేలు. ఊరి చెఱువు కట్టకు గండి పడినప్పుడు, నీరు త్రాగు ప్రతివాడును ఒక తట్ట మన్ను వేయవలెను. ఈ జ్ఞానతటాకము నీరు మనమందఱము త్రాగుచున్నారము. కావున దీనికి కావలి యెవరని యడిగినవారికి మే మిచ్చు ప్రత్యుత్తర మిదియే: చదువు ప్రతివాడును.