విశ్వాసికి విలాపమెందుకు?

క్రైస్తవుల భూస్థాపనను చూచినవారిలో చాలమందికి ఒక సందేహం కలుగుతుంది. పెట్టెను గోతిలోనికి దించే వేళ బోధకుడు పునరుత్థానాన్ని గూర్చి చదువుతాడు. పోయినవారు ప్రభువు సన్నిధికి చేరినారని చెబుతాడు. ఆ ప్రక్కనే తల్లి గుండెలవిసేటట్లు ఏడుస్తూ ఉంటుంది. సమాధి రాతిమీద మరణించెనని వ్రాయించక, ప్రభువునందు నిద్రించెనని చెక్కించే వాడుక ఉన్నది. నిద్రించినవారికోసం ఇంత ఏడుపెందుకు?

మా తరగతిలో ఒక విద్యార్థి ఒకనాడు ఈ ప్రశ్నే వేసినాడు. అందులో వెక్కిరింత లేదు. ఆ నెలలోనే అతని యింట ఒక మరణం జరిగినది. ఆనాడు నేను చెప్పిన జవాబు నాకే తృప్తి నీయలేదు. తరువాత అగస్టీను వ్రాసిన ‘కన్ఫెషన్స్’ అనే ఆత్మకథలో తొమ్మిదవ భాగం చదువుతూండగా, పదహారు వందల యేండ్లకు పూర్వమే ఈ ప్రశ్న ఒక కుమారుని ఎంతగా వేధించినదో తెలిసినది.

అగస్టీను ఉత్తరాఫ్రికాలోని తగస్తె అనే చిన్న పట్టణంలో 354లో పుట్టినాడు. వృత్తిచేత మనవలె ఉపాధ్యాయుడే. మిలాను నగరంలో అలంకారశాస్త్రం బోధించినాడు. తల్లి మోనికా క్రైస్తవురాలు. దారితప్పిన కొడుకుకోసం ఆమె యేండ్ల తరబడి కన్నీటితో ప్రార్థించినది. చివరకు 387 ఈస్టరు పండుగనాడు అంబ్రోసు గురువు చేతులమీదుగా ఆయన బాప్తిస్మం పొందినాడు. ఆమె కోరిక తీరినది. తల్లీ కొడుకులు స్వదేశానికి ప్రయాణమై, రోముకు రేవైన ఓస్తియాలో ఓడకోసం ఆగినారు. అక్కడ ఒకనాడు తోటవైపు కిటికీకి ఆనుకొని నిలిచి, పరిశుద్ధుల నిత్యజీవం ఎట్లుండునో అని ఇద్దరూ చాలసేపు మాట్లాడుకొన్నారు. అటు తరువాత అయిదారు రోజులకే ఆమెకు జ్వరం తగిలినది. తొమ్మిదవనాడు కన్నుమూసినది. ఆమెకు 56వ యేడు. కుమారునికి 33వ యేడు.

తల్లి పరదేశంలో పోరాదని మరొక కొడుకు నావీగియస్ బాధపడితే ఆమె మందలించినది. ఈ శరీరాన్ని ఎక్కడ పాతిపెట్టినా సరే, ప్రభువు బలిపీఠం ఎదుట నన్ను తలచుకొంటే చాలునని చెప్పినది. చచ్చిపోయేవారు ఇంత ధైర్యంగా ఉన్నప్పుడు బ్రతికినవారు ఏడ్వవచ్చునా? అగస్టీనుకు వచ్చిన ఇబ్బంది ఇదే.

ఆమె ప్రాణం పోగానే అగస్టీను కుమారుడు అదెయోదాతు బావురుమన్నాడు. (దేవుడిచ్చినవాడని ఆ పేరుకు అర్థం, మన దేవదత్తుడన్నమాట.) పదిహేనేండ్లవాడు. పెద్దలందరూ కలిసి వానిని గద్దించి నోరు మూయించినారు. మరణం దౌర్భాగ్యమనో, సర్వనాశనమనో ఎంచేవారికి శోకాలు తగును గాని, ఇట్టి భక్తురాలికి తగవని వారి తలంపు. ఎవోదియస్ అనే మిత్రుడు కీర్తన ఎత్తుకొన్నాడు, ఇంటిల్లిపాది పాడినారు. అగస్టీను వచ్చినవారితో సందర్భోచితంగా మాట్లాడుతూ ఉన్నాడు. ఆయనకు దుఃఖమే లేదనుకొన్నారట చూచినవారు! సమాధివద్ద కూడ ఆయన కంట చుక్క రాలలేదు. స్నానం మనస్సులోని దిగులును పోగొట్టునని ఎవరో చెప్పగా విని స్నానశాలకు వెళ్ళి వచ్చినాడు. ఒళ్ళు తడిసినది గాని దిగులు తడికి కరుగలేదు. ఆ రాత్రి నిద్రపోయి లేచి, ఒంటరిగా పడుకొని, అంబ్రోసు రచించిన ఒక గీతాన్ని మననం చేసుకొంటూండగా తల్లి మళ్ళీ తలపునకు వచ్చినది. అప్పుడు కట్ట తెగినది.

ఏడ్చినందుకు ఆయన సిగ్గుపడినాడు. గడియసేపైనా నిండని ఆ ఏడుపును పాపమని ఎంచేవారుంటే, తనకోసం అన్నేండ్లు ఏడ్చిన తల్లికోసమే ఈ కన్నీరని గమనించండని బ్రతిమాలినాడు. అయితే గాయమెక్కడిదో కూడ ఆయనే పట్టుకొన్నాడు. కలిసి బ్రతికిన తీయని అలవాటు హఠాత్తుగా తెగిపోవడమే దానికి మూలమన్నాడు. తల్లి ఎక్కడికి పోయినదో విశ్వాసం చెప్పగలదు. కిటికీ దగ్గర తనతో మాట్లాడిన మనిషి ఆ కిటికీ దగ్గర లేదన్న సంగతిని అది మార్చలేదు.

క్రైస్తవ గ్రంథం చూచినా ఏడుపునకు నిషేధం కనబడదు. యోహాను సువార్త పదకొండవ అధ్యాయంలో యేసు బేతనియకు వచ్చినప్పుడు లాజరు చనిపోయి నాలుగు దినాలైనది. అతనిని లేపబోతున్నానని తెలిసి కూడ సమాధికి పోయే దారిలో యేసు కన్నీరు కార్చినాడు. థెస్సలొనీకవారికి వ్రాసిన మొదటి పత్రికలో పౌలు దుఃఖపడవద్దని ఊరక చెప్పలేదు. నిరీక్షణ లేనివారివలె దుఃఖపడవద్దన్నాడు. ఈ చిన్న విశేషణాన్ని ఓస్తియాలోని పెద్దలు మరచినారేమో!

ఇక్కడ గ్రీకు తత్త్వజ్ఞునితో పోల్చి చూడడం మంచిది. ప్లేటో ‘ఫీడో’ సంవాదంలో సోక్రటీసు ఏడ్చే భార్యను ఇంటికి పంపివేస్తాడు. విషం త్రాగిన తరువాత ఏడ్చిన మిత్రులను మందలిస్తాడు. ఆయనకు మరణం చెరసాలనుండి ఆత్మకు విడుదల. విడుదలకు ఏడ్వడమెందుకు? పౌలు మరణాన్ని కడపటి శత్రువని పేర్కొన్నాడు. దేహమూ ఆత్మా కలిసిన మనిషే మళ్ళీ లేవాలన్నది క్రైస్తవుల ఆశ. చెరసాలగా కాక, దేవుని సృష్టిగా ఎంచిన దేహం మట్టిలోనికి పోతున్నప్పుడు కంట నీరు రావడం ఆ మతానికి విరుద్ధమెట్లా అవుతుంది? సోక్రటీసు శాంతి గొప్పదే, కాదనను. నా మనస్సు మాత్రం ఆ పదిహేనేండ్ల పిల్లవానివైపే మొగ్గుతుంది.

అగస్టీను 388లో తల్లి లేకుండ ఆఫ్రికా చేరినాడు. కొద్దికాలానికే అదెయోదాతు కూడ పోయినాడు. వృద్ధాప్యంలో ముగించిన ‘దైవనగరం’ అనే మహాగ్రంథంలో, పందొమ్మిదవ భాగాన, ఆయన మాట తీరు వేరు. మిత్రుల మరణానికి దుఃఖించరాదనేవారు ముందు స్నేహాన్నే నిషేధించాలి, ఆప్యాయమైన మాటలను నిషేధించాలి అని వాదించినాడు. ఏడ్చినందుకు క్షమించమన్న కొడుకు కంఠం అందులో లేదు.

‘కన్ఫెషన్స్’లో ఆ భాగం చివర, తన పుస్తకం చదివేవారందరూ మోనికాను తలచుకోవాలని ఆయన కోరినాడు. ఆమె సమాధిమీద చెక్కిన పద్యాలు పుస్తకాలలో నిలిచినవి గాని రాయి కనబడకుండ పోయినది. 1945లో ఓస్తియా చర్చి ప్రక్కన ఇద్దరు పిల్లలు గొయ్యి త్రవ్వుతూండగా పలుగుకు ఒక పాలరాతి ముక్క తగిలినది. దానిమీద ఆ పద్యాల అక్షరాలు ఉన్నవి.